మెచ్చుట వేఱు, లొంగుట వేఱు

తమ మోటారుకార్లను జపానువారు కొనరనియు, తాము మాత్రము జపాను కార్లను లక్షలకొలదిగా కొనుచున్నామనియు, ఇది యన్యాయమనియు అమెరికా పాలకులు నలువది యేండ్లకు పైగా మొఱపెట్టుచున్నారు. 2018 మార్చిలో ఆ దేశాధ్యక్షుడు ట్రంపు ఒక విచిత్రమైన మాట చెప్పెను. జపానువారు అమెరికా కారు ముందుమూతపై ఇరువది యడుగుల యెత్తునుండి బరువైన బంతిని పడవేయుదురట; మూత సొట్టపడినచో ఆ కారును దేశములోనికి రానీయరట! అట్టి పరీక్ష జపానులో లేదు. అధ్యక్షులవారు పరిహాసమాడిరని ఆయన కార్యాలయమువారు పిమ్మట సర్దిచెప్పుకొనవలసి వచ్చెను. పరిహాసమే యైనచో నవ్వి యూరకుండవచ్చును. కాని యీ మొఱ మాటలతో ఆగలేదు. 2025 ఏప్రిలులో అమెరికా ప్రభుత్వము, దేశరక్షణ యను మిషతో, పరదేశపు కార్లపై 25 శాతము అదనపు సుంకము విధించెను. అంతకుముందున్న సుంకము 2.5 శాతము మాత్రమే. జపాను బేరమాడి, 55,000 కోట్ల డాలర్ల పెట్టుబడికి మాట యిచ్చి, అమెరికాలో పరీక్షింపబడిన కార్లను తాను మఱల పరీక్షింపనని తలయొగ్గిన పిమ్మట, సెప్టెంబరులో ఆ సుంకము మొత్తము 15 శాతమునకు దిగెను.

ఈ మొఱలో సగము నిజమున్నది. జపాను వీథులలో అమెరికా కార్లు అరుదు. కాని దానికి కారణము ద్వేషమనుట శుద్ధ అసత్యము. అమెరికా కారును అమెరికావారికి దీటుగా ప్రేమించిన పరజాతి యేదైన నున్నచో అది జపానుజాతియే. ఆ జాతి ప్రేమించినది. ప్రేమించియు ఆ ప్రేమకు తన వివేకమును తాకట్టు పెట్టలేదు. అమెరికా పాలకులకు కంటగింపైనది ద్వేషము కాదు, ఈ స్వాతంత్ర్యము. మెచ్చినవాడు లొంగి తీరవలెనని వారి తలంపు. మెచ్చుట వేఱనియు, లొంగుట వేఱనియు జపాను నూఱేండ్లుగా చూపుచున్నది. పరదేశపు వస్తువును చూచి ముగ్ధుడగుటయే నాగరకతయని కొందఱును, అది యంతయు దాస్యమేయని కొందఱును వాదించుకొను మన దేశమున ఈ విషయము విచారింపదగి యున్నది.

ప్రేమకు సాక్ష్యము కావలయునన్నచో యొకోహామా రేవుపట్టణమునకు పోయి చూడవలెను. 1992లో ఆరంభమైన ‘హాట్ రాడ్ కస్టమ్ షో’ అను ప్రదర్శనము డిసెంబరు నెలలో అచట జరుగుచు వచ్చినది. కాలిఫోర్నియా యువకులు పాతకార్ల పైకప్పులు కోసి తగ్గించి, ఇంజనులకు బలము పెంచి, ఎండిన సరస్సుల మైదానములపై పందెములాడిన కాలమున పుట్టిన విద్య యది. ఆ విద్యలో తీర్చిన ఫోర్డులు, షెవర్లేలు అద్దములవలె మెఱయుచు అచట బారులు తీరును. చూడవచ్చువారిలో అమెరికావారును కలరు. తమ తాతల విద్యను చూచుటకు మనుమలు సముద్రము దాటి వచ్చుచున్నారు! ఈ ప్రదర్శనము నడపు ‘మూన్ ఐస్’ సంస్థ మూలపురుషుడు డీన్ మూన్ దక్షిణ కాలిఫోర్నియాలో పందెపుకార్ల సామానుల వ్యాపారము చేసినవాడు. 1987లో ఆయన మరణించెను. ఆయన పేరును, అంగడిని నిలబెట్టినవాడు యొకోహామావాసియగు షిగే సుగనుమ. అమెరికావారు పోగొట్టుకొనబోయిన సొత్తును జపానువాడు కాపాడి, కాలిఫోర్నియాలోనే దీపము వెలిగించి యుంచినాడు.

ఆ సంస్థకు యొకోహామాలో నున్న నిలయము హొన్‌మోకు పేటలోనిది. ఆ పేట చరిత్ర గమనింపుడు. 1945లో జపాను ఓడిపోయిన పిమ్మట అచట అమెరికా సైనికోద్యోగుల కుటుంబములకు ఇండ్లు వెలసినవి. 1982 వఱకు ఆ భూమి కంచెల వెనుక అమెరికావారి వశముననే యుండెను. కంచె కీవల ఇరుకు యిండ్లలోని జపాను బాలురు, కంచె కావలి పచ్చికబయళ్లను, పడవలవంటి పెద్దకార్లను చూచుచు పెరిగిరి. జయించినవాని బండి యది. దానిని చూచి యీసడించుకొనవచ్చును. దాని వెంట బిచ్చమునకు పరుగెత్తవచ్చును. ఆ బాలురు రెండును చేయక, పెద్దవారై, ఆ బండిని విప్పి మఱల కూర్చుట నేర్చుకొనిరి. నగోయాలో, మెక్సికో సంతతి అమెరికావారి పద్ధతిలో నేలకు తాకునట్లు తగ్గించి, మీట నొక్కినంతనే ఎగిరిపడునట్లు తీర్చిన షెవర్లే ఇంపాలాలు కలవు. ఫుకుషిమా మండలములోని ఎబిసు పందెపుబాటపై, సామానులు మోయు డాజ్ వ్యానులను పందెపుకార్లవలె పరుగెత్తించు వింతయాట యొకటి కలదు; అమెరికాలోనే పుట్టని యాట యది. ఇంతటి ప్రేమ కలచోట ద్వేషము వెదకుట కన్నులున్నవారి పని కాదు.

మఱి సామాన్యుడు అమెరికా కారును ఏల కొనడు? కారణము బహిరంగమే. 1978 నుండి జపానులో పరదేశపు కార్లపై దిగుమతి సుంకము లేనే లేదు. అచట వీథులు ఇరుకు, పెట్రోలు ప్రియము, కారు నిలుపుకొనుటకు స్థలమున్నదని పెక్కుచోట్ల రుజువు చూపినగాని కారు కొనరాదు. అందుచే అచట అమ్ముడుపోవు కార్లలో మూడింట నొకవంతుకు పైగా, 660 ఘనసెంటీమీటర్లకు మించని ఇంజనును, మూడున్నర మీటర్లకు లోబడిన పొడవును గల ‘కెయి’ యను చిన్నకార్లే. మనవలెనే వారును బాటకు ఎడమప్రక్కన నడపువారు గనుక స్టీరింగు కుడివైపున నుండవలెను. అమెరికావారు చిరకాలము ఎడమవైపు స్టీరింగుతోనే పెద్దకార్లను పంపి, కొనరేమని అడిగిరి. జర్మనీవారు కుడివైపు స్టీరింగు బిగించి, ఊరూర అంగళ్లు తెఱచి, అదే జపానులో తమ కార్లను చక్కగా అమ్ముకొనుచున్నారు. తలుపు ఒక్కటే, ఒకడు లోపలికి పోయెను, రెండవవాడు గుమ్మమున నిలిచి తలుపు మూసినారని కేకలు వేయుచున్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నది.

ఆజ్ఞాపించి కొనిపించు ప్రయత్నమును జరిగినది. 1992 జనవరిలో అధ్యక్షుడు బుష్ డెట్రాయిటు కంపెనీల అధిపతులు మువ్వురిని వెంటబెట్టుకొని టోక్యోకు పోయెను. 1995లో జపాను విలాసపుకార్లపై నూటికి నూఱు సుంకము వేయుదుమని బెదరించి యొక ఒడంబడిక వ్రాయించుకొనిరి. 1996లో అమెరికా షెవర్లే కావలియరుకు కుడివైపు స్టీరింగు పెట్టించి, టొయోటా పేరు తగిలించి, టొయోటా అంగళ్లలోనే జపానువారికి అమ్మజూపిరి. కొనువారు కఱవై 2000లో ఆ యేర్పాటు ముగిసెను. 2016లో ఫోర్డువారు జపాను విడిచిపోయిరి. పాత ఇంపాలాకు తన యేండ్ల కష్టార్జితము ధారపోయు జపానువాడు క్రొత్త కావలియరును కన్నెత్తి చూడలేదు. మొదటిది తన వలపు. రెండవది పరుల ఆజ్ఞ.

ఈ వలపు కథ నూఱేండ్లనాడు మొదలైనది. 1923 సెప్టెంబరు 1వ తేదీన మహాభూకంపము టోక్యో నగరమును నేలమట్టము చేసెను. ట్రాములు ధ్వంసము కాగా, నగరపాలకులు అమెరికానుండి సుమారు 800 ఫోర్డు చట్రములు తెప్పించి, వానిపై పెట్టెలు కట్టించి, 1924లో బస్సులుగా నడపిరి. జపానువాడు మోటారుబండి ప్రయోజనమును కండ్లార చూచినది అప్పుడే. 1925లో ఫోర్డువారు యొకోహామాలోను, 1927లో జనరల్ మోటార్సువారు ఒసాకాలోను కర్మాగారములు తెఱచి, అమెరికానుండి వచ్చిన భాగములను బిగించి అమ్మసాగిరి. జపాను విపణి దాదాపుగా వారి హస్తగతమయ్యెను.

అప్పుడు జపాను చేసినదేమి? మగ్గముల వంశమున పుట్టిన కీచిరో టొయోడా యొక షెవర్లేను తెప్పించి మరమరగా విప్పించెను. ఆ వంశమువారి స్వయంచాలక మగ్గము సామాన్యమైనది కాదు. 1929లో దాని హక్కును కొన్నవారు లాంకషైరులోని ప్లాట్ సోదరులు; లోకమునకెల్ల మగ్గములమ్మిన ఆంగ్లేయులు! 1936లో వెలువడిన టొయోటా ‘ఏఏ’ కారు రూపము అమెరికా క్రైస్లరు ఎయిర్‌ఫ్లో కారును పోలియుండెను. ఇంజనుకు షెవర్లే ఇంజను మాతృక. దానిని చూచి అనుకరణమని నవ్వినవారు కలరు. నవ్వనిండు. ఆ అనుకరణములో బిగించిన ప్రతి మరయు ఎందుకున్నదో బిగించినవానికి తెలిసియుండెను. యొకోహామాలో ఫోర్డు భాగములను బిగించు కూలివానికిని, ఇతనికిని నున్న భేదమదియే.

హమమత్సు దాపున పల్లెలో కమ్మరి యింట 1906లో పుట్టిన సోయిచిరో హోండా, బాల్యమున తమ యూరికి వచ్చిన ఫోర్డు బండి వెంట పరుగెత్తి, అది నేలపై విడిచిన నూనెను వాసన చూచి మురిసితినని పెద్దవాడైన పిమ్మట చెప్పుకొనెను. ఆ బాలుడే 1936 జూనులో, టోక్యో సమీపమున తామా నదీతీరమునందలి పందెపుబాటపై, ఫోర్డు ఇంజనుతో తాను కట్టుకొన్న ‘హమమత్సు’ బండిని తోలి, ప్రమాదమున గాయపడెను. నూనె వాసనకు మురిసినవాడు నూనె కొనువాడుగా మిగిలిపోలేదు. 1982లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ఆ గడ్డపై కార్లు తయారుచేసిన మొదటి జపాను సంస్థ ఆతనిదే యయ్యెను.

1950లో ఎయిజి టొయోడా డెట్రాయిటు చెంతనున్న ఫోర్డువారి రూజ్ కర్మాగారమును చూచివచ్చెను. అంతటి కర్మాగారమునకు చాలు ధనము జపానులో లేదు. మోటారు పరిశ్రమ జపానుకేల, అమెరికావారే చేయుదురుగదా యని జపాను బ్యాంకి గవర్నరు ఇచిమాడా వాదించుచున్న దినములవి. అమెరికా బజారులలో కొనువాడు తనకు కావలసినది కావలసినంతయే బల్లపైనుండి తీసికొనుట, తీసినమేరకే వర్తకుడు మఱల నింపుట యను పద్ధతినుండి టొయోటా ఇంజనీరు తాయిచి ఓనో యొక క్రొత్త ఉత్పత్తి విధానమును అల్లెను. అమెరికాలో తనవారు పెడచెవిని పెట్టిన డెమింగు అను గణకుని జపానువారు పిలిపించి పాఠములు విని, 1951 నుండి ఆతని పేర బహుమానము నీయసాగిరి. ద్రోణుడు చెప్పని విద్యను ద్రోణుని బొమ్మముందు నేర్చిన ఏకలవ్యుని కథ యిది. ద్రోణులవారు వచ్చి బొటనవ్రేలు కోరుటయు జరిగినది. 1981లో అమెరికా ఒత్తిడిపై జపాను తన కార్ల యెగుమతిని ఏటికి 16 లక్షల 80 వేలకు తానే కట్టుకొనవలసి వచ్చెను. కాని యీ ఏకలవ్యుడు వ్రేలు కోసి యీయలేదు. అమెరికాకే పోయి కర్మాగారములు కట్టెను.

పందెముల చరిత్రయు ఇట్టిదే. అమెరికా నాస్కారు పందెములను తమ దేశమున జరుపవలెనని 1963లో జపానువారు నాస్కారు పేరుతోనే యొక కంపెనీ పెట్టి, ఫూజీ పర్వతపాదమున గుండ్రని వాలుబాట తలపెట్టిరి. తలచినది పూర్తికాక, ఒక్క నిటారు మలుపు మాత్రము మిగిలినది. 1966లో బాట తెఱచిరి. 1974లో ఇరువురు పందెగాండ్రు అచట మృతినొందిన పిమ్మట ఆ మలుపును విడిచిరి. పట్టుదల చావలేదు. 1997లో హోండావారు మోతెగిలో అమెరికా ఫక్కిని గుండ్రబాట కట్టిరి. ఇండీకార్ల పందెములలో స్త్రీకి మొట్టమొదటి జయము, డానికా పాట్రిక్‌కు, 2008లో లభించినది ఆ మోతెగిలోనే. 2007లో టొయోటా నాస్కారు పెద్దపందెములలో దిగినప్పుడు అమెరికా జట్ల పెద్దలలో కొందఱు యుద్ధభాషలో మాటలాడిరి. 2015లో ఛాంపియను నడపినది టొయోటా కారే. హోండావారి సుజుకా పందెపుపాఠశాలలో నేర్చిన తకుమా సాటో 2017లోను, మఱల 2020లోను ఇండియానాపొలిసు 500 మైళ్ల పందెమును గెలిచెను. ఆసియావాడెవ్వడును అంతకుముందు గెలువని పందెమది.

ఆ 2017 జయమును చూచి, అమెరికా వీరుల స్మారకదినమున జపానువాడు గెలుచుట తనకు రుచింపలేదని యొక అమెరికా పాత్రికేయుడు వ్రాసి, ఉద్యోగము పోగొట్టుకొనెను. ఇది చిన్న మాట. పెద్ద మాట, నెత్తుటి మాట మఱొకటి కలదు. 1982 జూనులో డెట్రాయిటు చెంత విన్సెంట్ చిన్ అను యువకుని ఇద్దఱు తెల్లవారు వెంటాడి బేస్‌బాల్ కఱ్ఱతో కొట్టి చంపిరి. వారిలో నొకడు కార్ల కర్మాగారమున అధికారి. రెండవవాడు పని పోయిన కార్మికుడు. జపాను కార్లు తమ కూడు తీసివేసినవన్న కసి ఆ దెబ్బలలో నుండెను. చచ్చినవాడు జపానువాడు కూడ కాడు, చైనా సంతతివాడు! హంతకులకు న్యాయస్థానము విధించినది మూడువేల డాలర్ల జరిమానా, మూడేండ్ల సత్ప్రవర్తనపు షరతు. ఒక్క దినము చెఱ లేదు. తమ కర్మాగారముల లోపములను పరజాతిపై నెట్టు నాయకుల మాటలు ఎచటికి పోవునో ఆ యువకుని తల్లి యెఱుగును. బంతి పరీక్షల కట్టుకథలను మేము నవ్వి విడువకపోవుటకు కారణమిదియే.

జపానును దేవతగా నిలుపుట మా యుద్దేశము గాదు. ఫోర్డును, జనరల్ మోటార్సును వెళ్లగొట్టుటకు త్రోవ తీసిన 1936 శాసనము సైన్యము కోరిన శాసనము. ఆ ట్రక్కులు చైనా ప్రజల గుండెలపై నడచినవి. 1950లో దివాలా యంచుననున్న టొయోటాను బ్రతికించినవి కొరియా యుద్ధమునకై అమెరికా సైన్యము కొన్న బండ్లు. ఒకరి నెత్తురు మఱొకరి బంగారమైన కథ యందున్నది. దానిని అనుకరింపుమని ఎవ్వరికిని చెప్పము. మేము చెప్పునది శిష్యత్వమును గూర్చియే.

ఇక మన మాట. ఫోర్డువారు 2021లోను, జనరల్ మోటార్సువారు 2017లోను మన దేశపు కార్ల విపణినుండియు తొలగిపోయిరి. మనము వారి కార్లపై బంతులు పడవేయలేదు. వారు ఇచటనే తయారుచేసియు మనవానికి కావలసిన చిన్నకారును సుజుకీకి సాటిగా చేయలేకపోయిరి. 1983లో మారుతి కారుతో వచ్చిన ఆ సుజుకీయే మన బజారులను నింపినది. మంచిదే. కాని మారుతిలో మొదట 26 శాతము వాటాదారుగా ప్రవేశించిన సుజుకీ, 2002 నాటికి సగమునకు మించిన యజమాని యయ్యెను. మనము గురువును ఇంటికి పిలిచి, విద్య పూర్తిగా నేర్వకముందే ఇల్లు అప్పగించితిమి. 2016లో మన శ్రీసిటీకి జపాను ఇసుజు వచ్చినది. 2019లో పెనుకొండకు కొరియా కియా వచ్చినది. మన బిడ్డలకు కూలి దొరకినది, సంతోషము. ఆ బిడ్డలలో ఎందఱు ఇంజను గీయువారు కాగలరో, ఎందఱు జీవితాంతము మర బిగించువారుగానే మిగులుదురో అడుగు నాయకుడు మన శాసనసభలలో కానరాడు.

పందెములును తెచ్చుకొంటిమి. 2011 మొదలు మూడేండ్లు ఢిల్లీ చెంత ఫార్ములా వన్ జరిగి, పన్నుల తగవులో ఆగిపోయినది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు హుస్సేన్‌సాగరు గట్టున విద్యుత్కార్ల పందెము జరిగినది, 2024లో రద్దయినది. మన దేశపు మహీంద్రా జట్టు పాల్గొనుట మెచ్చదగినదే, కాని ఆ జట్టు కార్లను తోలినవారు సయితము పరదేశస్థులు. జపానువారు పందెమును తెచ్చినప్పుడు ప్రక్కన పాఠశాల పెట్టిరి. మనము ప్రక్కన ప్రేక్షకుల బల్లలు వేసితిమి.

పరదేశపు కారును చూచి మురియు యువకుని మేము నిందింపము. వానిని దేశద్రోహి యనువాడు మూర్ఖుడు. మురియుట యౌవన ధర్మము, హోండాయు మురిసెను. కాని నాయనా, మురిసిన పిమ్మట ఆ మూత తెఱచి చూచితివా? ఒక్క మర విప్పి మఱల బిగింపగలవా? నీ కళాశాల యంత్రశాలకు వేసిన తాళమును తీయింపుమని ఒక్కనాడైన అడిగితివా? ఈ ప్రశ్నలకు ఔనని చెప్పగలవాని మోహము దేశమునకు మూలధనము. చెప్పలేనివాని మోహము వాయిదాలపై తెచ్చిన అప్పు మాత్రమే. దాని వడ్డీ వానితో తీరదు, వాని బిడ్డలును కట్టవలసియుండును.